ఏ చట్రంలో, ఏ తేదీన?

2023 మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. "బాబాయ్ వాళ్ళు సర్వే పెట్టించార్రా. మేకులు మన చేలోకొచ్చాయి" అన్నారు. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్ళుగా ఒకే బోరు నీళ్ళు వంతులేసుకుని పెట్టుకుంటున్న మనుషులు. గట్టు గురించి వాళ్ళ మధ్య ఎప్పుడూ మాట రాలేదు.

మాది పల్నాడులో, సత్తెనపల్లి వైపు ఒక చిన్న ఊరు. తాతయ్య చేను పంచుకున్నప్పుడు ఒక ప్రైవేటు సర్వేయర్‌తో కొలిపించి ప్లాన్ గీయించారు. మూలమూలకీ ఒక నంబరు, కింద కోఆర్డినేట్ల పట్టిక, అంటే ఒక్కో మూల భూమ్మీద ఎక్కడుందో చెప్పే నంబర్లు. పడమటి ముక్క నాన్నది, తూర్పు ముక్క బాబాయ్‌ది, మధ్యలో ఉత్తర దక్షిణాలుగా 120 మీటర్ల గట్టు. ఆ వేసవిలో బాబాయ్ తన ముక్కకి కంచె వేయిద్దామని ఇంకో సర్వేయర్ని పిలిపించారు. ఆయన అదే ప్లాన్‌లోని నంబర్లను రోవర్‌లో, అంటే కడ్డీ మీద పెట్టి చేలో తిప్పే జీపీఎస్ పరికరంలో, ఎక్కించి, "ఫిక్స్ వచ్చింది" (కచ్చితమైన చోటు దొరికింది) అన్న చోటల్లా మేకు కొట్టి వెళ్ళిపోయాడు. గట్టు మీద పడాల్సిన మేకులు గట్టు దిగి మా చేలో పడ్డాయి.

నేను హైదరాబాదులో మ్యాపులు తయారుచేసే పనిలో పదహారేళ్ళుగా ఉన్నాను. ఆ రాత్రే బస్సెక్కి, మర్నాడు ఎండెక్కక ముందే టేపు తీసుకుని చేలోకి వెళ్ళాను. మిర్చి కోతలు అయిపోయి చేను ఖాళీగా ఉంది. గట్టు ఉత్తరం కొసన మేకు గట్టు నడిమి నుంచి 72 సెంటీమీటర్లు పడమటికి ఉంది. దక్షిణం కొసన 74. లెక్కేస్తే రెండు సెంట్లకి పైనే. ఆ మేకుల ప్రకారం కంచె పడితే నాన్న రెండు సెంట్లు పోగొట్టుకున్నట్టే.

అక్కడితో ఆగిపోతే గొడవ మిగిలేది. బాబాయ్ చేను తూర్పు గట్టు దాకా నడిచి వెళ్ళాను. ఆయన కావాలని జరిపించి ఉంటే అటువైపు మేకు గట్టు మీదే ఉండాలి. కానీ అది కూడా పడమటికే, ఆయన సొంత చేలోకే, 73 సెంటీమీటర్లు లోపలికి పడింది. ఉత్తరాన డొంక వైపు చూశాను. అక్కడ మేకులు డొంక గట్టు నుంచి 64 సెంటీమీటర్లు దక్షిణానికి దిగాయి. మేకులన్నీ ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగాయి. పడమరకీ దక్షిణానికీ, అంటే నైరుతికి, మీటరుకి కాస్త తక్కువ.

నైరుతి అనుకోగానే విషయం తట్టింది. మనం నిలబడ్డ నేల, భూమి పైపొర పలకతో పాటు, ఏటా ఈశాన్యానికి ఐదు సెంటీమీటర్ల చొప్పున జరుగుతోంది. ప్లాన్‌లోని నంబర్లు పాతవి. మేకులు కొట్టిన రోవర్ ఇవాళ్టి లెక్క చెబుతోంది. చేను ముందుకు వెళ్ళిపోయింది, నంబర్లు వెనకే ఉండిపోయాయి.

మొదటి సర్వేయర్‌కి ఫోన్ చేస్తే ఆయన నిజాయితీగా చెప్పాడు. రోవర్‌కి ఆధారంగా ఒకచోట కదలకుండా నిలబెట్టే పరికరం బేస్. తను దాన్ని పెట్టిన కంట్రోల్ పాయింటు (నంబరు ముందే తేల్చిన గుర్తు) విలువ 2005 నాటిది. రెండో ఆయన రోవర్ ఉపగ్రహం నుంచి సవరణలు తీసుకుంటూ ఆ రోజుకి ఎక్కడుంటే అక్కడి నంబరు చూపించే రకం. ఇద్దరూ తప్పు చేయలేదు. ఇద్దరి పరికరాలూ రెండు మూడు సెంటీమీటర్ల లోపు కచ్చితంగా కొలవగలవు. తప్పు ఆ కాగితంలో ఉంది. అందులో అన్ని నంబర్లున్నాయి గానీ, అవి ఏ చట్రంలో కొలిచినవో, ఏ తేదీకి చెల్లుతాయో ఒక్క ముక్క రాసి లేదు.

ఈ వ్యాసం ఆ ఒక్క ముక్క గురించే. చదివేవాళ్ళలో పొలం, ప్లాటు ఉన్నవాళ్ళు ఉంటారు, సర్వే పనిలో ఉన్నవాళ్ళూ ఉంటారు. అందుకే కొంచెం మొదటినుంచి చెబుతాను.

ఒక చోటికి నంబరు ఇవ్వాలంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఎక్కణ్ణుంచి కొలుస్తున్నాం? భూమిని ఏ ఆకారంగా అనుకుంటున్నాం? ఆ రెండూ కలిపి ఒక ఏర్పాటు. మన సైన్సు పుస్తకాల్లో నిర్దేశ చట్రం అని రాస్తారు. సర్వే వాళ్ళం వాడుకలో డేటమ్ అంటాం. మన దేశానికి అలాంటి చట్రం మొట్టమొదట మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పడింది. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ అక్కడ ఏడున్నర మైళ్ళ గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఎండకి గొలుసు సాగుతుంది కాబట్టి పక్కనే థర్మామీటర్లు పెట్టి ఆ సాగుదలనీ లెక్కలో తీసేశాడు. ఆ ఒక్క గీత పొడవు తెలిశాక ఇక గొలుసుతో పెద్దగా పనిలేదు. కోణాలు కొలుస్తూ త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ పోవచ్చు.

కోణాలు కొలిచిన థియోడొలైట్ అర టన్ను బరువు. లండన్ నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచి వాళ్ళు పట్టుకుని మారిషస్‌కి తీసుకుపోయారు. అదేమిటో తెలిశాక మర్యాదగా తిప్పి పంపారు. దాన్ని కళాసీలు మోసుకుంటూ కొండలెక్కించారు, గోపురాలెక్కించారు. తంజావూరులో గుడి గోపురం మీదికి ఎత్తుతుంటే తాడు తెగి దెబ్బతింటే లాంబ్టన్ తన చేత్తోనే బాగుచేసుకున్నాడు. కన్యాకుమారి దగ్గర మొదలైన ఆ త్రిభుజాల వరుస బెంగుళూరు మీదుగా రాయలసీమలోకి వచ్చి, గుత్తి ప్రాంతం దాటి, బీదర్ దగ్గర దామరగిద్ద మీదుగా పైకి పోయింది. లాంబ్టన్ చాలా ఏళ్ళు హైదరాబాదు కేంద్రంగా పనిచేశాడు. జార్జ్ ఎవరెస్ట్ ఆయన దగ్గర చేరింది హైదరాబాదులోనే, 1818లో. మర్నాడే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారా అన్నంత త్వరగా అతను అక్కడ పనిలో దిగాడు. అక్కడ పట్టుకున్న జ్వరం నుంచి కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా కొస దాకా వెళ్ళాల్సివచ్చింది. అతని వెంట ఉన్న కూలీలకి, కళాసీలకి ఆ అవకాశం లేదు. శిఖరానికి ఎవరెస్ట్ పేరు మిగిలింది గానీ, ఆ త్రిభుజాలు మోసిన మన మనుషుల పేర్లు ఎక్కడా మిగల్లేదు. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి దగ్గరే మనసు ఆగిపోతుంది.

1830లో ఎవరెస్ట్ ఆ కొలతల్నుంచి భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. అదే ఎవరెస్ట్ గోళాభం, అంటే ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండే గోళం. దాని ప్రకారం భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం ఇప్పటి లెక్క కన్నా దాదాపు 860 మీటర్లు తక్కువ. తప్పు లెక్క అనిపించవచ్చు. కానీ మొత్తం భూమికి సరిపోవాలని అతను అనుకోలేదు, మన దేశానికి సరిపోతే చాలు. కుట్టుకున్న చొక్కా ఒక మనిషికి సరిగ్గా పట్టినట్టు అది భారతదేశానికి పట్టింది. మధ్యప్రదేశ్‌లో కల్యాణపూర్ అనే చోటిని మూలబిందువుగా పెట్టుకుని, అక్కణ్ణుంచి దేశం మొత్తానికీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారు. ఈ ఏర్పాటులో భూమి కేంద్రం అనుకున్నది అసలు కేంద్రానికి 800 మీటర్లకి పైగా పక్కన ఉంది. ఆ కాలంలో దాన్ని కనిపెట్టే మార్గమూ లేదు, కనిపెట్టాల్సిన పనీ లేదు.

ఆ పనిలోనే ఒక చిన్న తేడా బయటపడింది. కల్యాణపూర్‌కీ, హిమాలయాలకి దగ్గరలో ఉన్న కలియానాకీ మధ్య దూరాన్ని త్రిభుజాలతో లెక్కేస్తే ఒకటి వచ్చింది, నక్షత్రాలు చూసి లెక్కేస్తే ఇంకొకటి. తేడా కోణంలో 5.236 సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను). నేల మీద 160 మీటర్ల దాకా. నక్షత్రాలు కొలిచేటప్పుడు నిలువు చూపే తూకపు గుండుని (దారానికి వేలాడే బరువుని) హిమాలయాల బరువు తనవైపు లాగుతోందేమోనని 1855లో జాన్ ప్రాట్ అనే మతాధికారి ఆ కొండల ఆకర్షణ లెక్కగట్టాడు. లెక్క ప్రకారం తేడా 15 సెకన్లకి పైగా ఉండాలి. ఉన్నది అందులో మూడో వంతు. అంటే కొండల కింద ఎక్కడో బరువు తక్కువగా ఉండాలి. పర్వతాలకి కింద వేళ్ళలాంటివి ఉన్నాయని, అవి బరువైన పొర మీద తేలుతున్నాయని ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ, కొండల కింది పదార్థమే తేలికని ప్రాట్ చెప్పిన సిద్ధాంతాలు అక్కణ్ణుంచి పుట్టాయి. ఐదు సెకన్ల తేడాని "ఏదో సర్దేద్దాం" అని వదిలేసి ఉంటే అది మనకి తెలిసేది కాదు. మా చేలో 73 సెంటీమీటర్ల విషయంలోనూ నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. తేడా వచ్చినప్పుడు ఎవరో ఒకరు దొంగ అనుకోకుండా, తేడా ఏ దిక్కుకి ఉందో ముందు చూడాలి.

లండన్ దగ్గర గ్రీనిచ్‌లోనూ ఇదే కథ. అక్కడ నేల మీద లోహపు గీత మీద నిలబడి ఫోన్ తీస్తే సున్నా రేఖాంశం కనబడదు. సున్నా కావాలంటే ఇంకో 102 మీటర్లు తూర్పుకి నడవాలి. పాత గీత ఆ చోట తూకపు గుండు చూపిన నిలువుని నమ్ముకుని గీసింది. ఫోన్‌లోని సున్నా భూమి కేంద్రం నుంచి లెక్కకట్టింది.

ఉపగ్రహాలు వచ్చాక చట్రం తీరే మారింది. ఉపగ్రహం తిరిగేది భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ. దానికి కల్యాణపూర్ తెలీదు, మద్రాసు తెలీదు. అందుకే జీపీఎస్ కోసం అమెరికా రక్షణ శాఖ డబ్ల్యూజీఎస్ 84 అనే చట్రం పెట్టింది. దాని మూలం భూమి నడిబొడ్డు. మన కోస్తా జిల్లాల్లో ఒకే చోటికి ఎవరెస్ట్ లెక్కలో ఒక నంబరు, డబ్ల్యూజీఎస్ 84లో ఇంకో నంబరు. వాటి మధ్య తేడా సుమారు 200 మీటర్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత టోపో షీటు (ప్రభుత్వ సర్వే పటం) స్కాన్ మీద జీపీఎస్ పాయింట్లు వేస్తే, చెరువు కట్ట మీద నడుస్తూ తీసుకున్న పాయింట్లన్నీ పక్క ఊరి పొలాల్లో పడ్డాయి. రెండు రోజులు పరికరాన్ని తిట్టుకున్నాం. షీటు అడుగున చిన్న అక్షరాల్లో ఎవరెస్ట్ అని రాసి ఉంది. ఎవరూ చదవలేదు. కానీ గమనించాల్సింది ఏమిటంటే, ఆ షీటు మీద ఆ మాట అచ్చయి ఉంది. అది ఉంది కాబట్టే మూడో రోజు మా పని తేలింది.

డబ్ల్యూజీఎస్ 84 నావికులకి, సైనికులకి సరిపోయింది. సెంటీమీటర్ల పని చేసే శాస్త్రవేత్తలకి సరిపోలేదు. వాళ్ళు 1988 నుంచి అంతర్జాతీయంగా ఇంకో చట్రం కడుతూ వచ్చారు. దాని పేరు ఐటీఆర్ఎఫ్. ఈ పని ఒక దేశం ఒంటరిగా చేయగలిగింది కాదు. అంతరిక్షంలో వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్వాసార్ల రేడియో తరంగాలను వేర్వేరు ఖండాల్లోని ఆంటెన్నాలు ఒకేసారి పట్టుకుని, ఎక్కడికి ఎంత ఆలస్యంగా వచ్చాయో పోల్చుకుంటాయి. లేజియోస్ అనే ఉపగ్రహం ఉంది. 60 సెంటీమీటర్ల గుండు, ఒళ్ళంతా 426 అద్దాలు. అందులో కెమెరా లేదు, బ్యాటరీ లేదు. 1976 నుంచి ఊరికే తిరుగుతూ ఉంటుంది. కింద నుంచి లేజర్ కొడితే వెలుగు తిరిగొస్తుంది. ఆ వెలుగు వెళ్ళొచ్చిన సమయం నుంచే భూమి కేంద్రం ఎక్కడుందో తేలుతోంది. వీటికి జీపీఎస్ లాంటి ఉపగ్రహాల స్టేషన్లు, ఫ్రెంచి వాళ్ళ డోరిస్ అనే రేడియో వ్యవస్థ తోడు. అన్నీ కలిపి కొన్నేళ్ళకోసారి కొత్త లెక్క విడుదల చేస్తారు. ఇప్పుడున్నది ఐటీఆర్ఎఫ్ 2020, వచ్చింది 2022లో. డబ్ల్యూజీఎస్ 84 కూడా కాలక్రమంలో దీనికే దగ్గరగా సవరించుకుంటూ వస్తోంది.

ఈ చట్రంలో పాత వాటికి లేని గుణం ఒకటుంది. ప్రతి స్టేషన్‌కీ చోటుతో పాటు వేగం కూడా రాస్తారు. హైదరాబాదు ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలో అలాంటి జీపీఎస్ స్టేషన్ ఒకటుంది. ప్రపంచంలో ఎవరైనా దాని లెక్కలు చూడొచ్చు. ఆ స్టేషన్ ఏటా తూర్పుకి సుమారు 4 సెంటీమీటర్లు, ఉత్తరానికి సుమారు మూడున్నర సెంటీమీటర్లు జరుగుతోంది. దాంతో పాటే చార్మినార్, మా చేను, బాబాయ్ బోరు, అన్నీ. 2005 నుంచి 2023 వేసవి దాకా పద్దెనిమిదేళ్ళు దాటాయి. గుణించి చూసుకోండి. తూర్పుకి 73, ఉత్తరానికి 64. నా టేపు చెప్పిందీ అదే.

నాన్నకి ఇది రైలు లెక్కలో చెప్పాను. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నాం. "ఎస్5లో 23వ బెర్తు" అంటే కాకినాడలో ఎక్కినా హైదరాబాదులో దిగినా అదే చోటు. బయట పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ళు చూసి మన చోటు చెబితే, అది నిమిష నిమిషానికీ మారుతుంది. రెండు లెక్కలూ నిజమే. కానీ కిలోమీటరు రాయి లెక్క చెప్పేటప్పుడు టైమెంత అయిందో కూడా చెప్పాలి. రాత్రి చూసిన కిలోమీటరు నంబరు పట్టుకుని పొద్దున అక్కడ దిగితే మన బోగీ ఉండదు. బాబాయ్ పిలిపించిన సర్వేయర్ చేసింది ఇదే. 2005 నాటి కిలోమీటరు రాయి దగ్గర మేకు కొట్టాడు.

"మరి మన చేను ఎక్కడికీ పోలేదుగా?" అన్నారు నాన్న.

"పోలేదు నాన్నా. మన చేనూ, బాబాయ్ చేనూ, డొంకా అన్నీ ఒకే బోగీలో ఉన్నాయి."

ఆ సాయంత్రం ఆయన మొహంలో టెన్షన్ కాస్త తగ్గింది.

ఈ కదలిక ఎప్పుడూ ఇంత నెమ్మదిగానే ఉండదు. 2011 మార్చి భూకంపంలో జపాన్ తూర్పు తీరంలో ఒషికా ద్వీపకల్పం ఐదు మీటర్లకి పైగా జరిగిపోయింది. టోక్యోలో ఆ దేశపు కొలతలన్నింటికీ మూలంగా పెట్టుకున్న రాయే 27 సెంటీమీటర్లు జరిగింది. అదే ఏడు అక్టోబరులో వాళ్ళు మూలబిందువు విలువను చట్టపరంగా సవరించుకున్నారు. ఆస్ట్రేలియా ఏటా 7 సెంటీమీటర్లు జరిగే నేల. వాళ్ళు 1994 చట్రాన్ని వదిలి 2020 చట్రానికి మారినప్పుడు దేశంలోని ప్రతి నంబరూ 1.8 మీటర్లు మారింది. దానికి ముందు ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు, మార్చుకునే లెక్కలు అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2015 ఫిబ్రవరిలో ఈ ప్రపంచ చట్రం గురించి ఒక తీర్మానం కూడా చేసింది. ఎవరికీ కనబడని ఒక లెక్క గురించి అన్ని దేశాలూ ఒక మాట మీదికి రావడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఎత్తు విషయం ఇంకా చిక్కు. బందరు బీచ్‌లో అలల పక్కన నిలబడి రోవర్ పెడితే ఎత్తు మైనస్ 70, 80 మీటర్లు చూపిస్తుంది. పరికరం పాడవలేదు. అది నున్నటి గోళాభం నుంచి కొలుస్తోంది. మన వైపు గురుత్వాకర్షణ తక్కువ కావడంతో సముద్రమట్టం ఆ గోళాభం కన్నా అంత కిందికి ఉంటుంది. శ్రీలంకకి దక్షిణాన అయితే వంద మీటర్లు దాటుతుంది. కాలవల్లో నీళ్ళు పారేది గోళాభం చూసి కాదు కదా. అందుకే ఎత్తులకి వేరే మూలం పెట్టుకున్నారు. 1909లో మన దేశపు ఎత్తుల లెక్కకి తొమ్మిది రేవుల సముద్రమట్టాలను ఆధారం చేసుకున్నారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్ళు మింగుతున్నప్పుడు నీళ్ళు పెరుగుతున్నాయా, నేల కుంగుతోందా అని అడిగితే, రేవులో పెట్టిన కొలబద్ద ఒక్కటే జవాబు చెప్పలేదు. కొలబద్ద నిలబడ్డ నేల కూడా ఏ కేంద్రం నుంచి ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. సముద్రం ఏటా పెరిగేది మిల్లీమీటర్లలో. చట్రం అంతకన్నా ఎక్కువ ఊగితే ఆ లెక్కకి అర్థం లేదు.

ఇప్పుడు మన కాగితాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. రాష్ట్రమంతా డెబ్బై కార్స్ స్టేషన్లు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసే బేస్‌లు, వాటికి తోడు డ్రోన్లు, రోవర్లు. సర్వే ఆఫ్ ఇండియా దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా ఇలాంటి స్టేషన్లు పెట్టింది. బ్రిటిష్ కాలపు గొలుసు కొలతల తర్వాత ఇంత పెద్ద మార్పు ఇదే. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఈ మార్పులో పాత పద్ధతికి ఉన్న ఒక మంచి గుణం చేజారిపోతోందని నా భయం.

పాత ఎఫ్ఎంబీ, అంటే సర్వే శాఖ వాళ్ళ పొలం కొలతల పుస్తకం, తీసి చూడండి. ఈ రాయి నుంచి ఆ రాయికి ఇన్ని లింకులు అని ఉంటుంది. వంద లింకులు ఒక గొలుసు, 66 అడుగులు. చదరపు లింకులు వెయ్యి అయితే ఒక సెంటు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల చదరం. ఆ కొలతలు ముతకవే. అయినా ఆ పటం చూస్తే ఎక్కణ్ణుంచి కొలిచారో చదువు రాని మనిషికీ తెలుస్తుంది. ఆ పొలపు రాళ్ళే దాని చట్రం. నేల ఎంత జరిగినా రాళ్ళు కూడా జరుగుతాయి కాబట్టి ఆ కొలత పాతబడదు. రాయి పీకేస్తే మాత్రం పోతుంది. పీకేసిన రాళ్ళ వల్ల కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కొత్త నంబరుకి ఆ బెడద లేదు, రాయి పోయినా మళ్ళీ అక్కడే పాతొచ్చు. కానీ ఆ నంబరు దేన్ని ఆనుకుని నిలబడిందో కాగితం మీద లేకపోతే, అది పాత కొలత కన్నా ప్రమాదం. ఎందుకంటే ఏడు దశాంశ స్థానాలు చూసి అందరూ నమ్మేస్తారు.

దస్తావేజు మీద తేదీ లేకుండా ఏ సబ్ రిజిస్ట్రారూ ఒప్పుకోరు. కోఆర్డినేట్ల పట్టిక మీద తేదీ ఎందుకు అడగం? ప్రతి సర్వే ప్లాన్ మీదా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, నంబర్ల కింద ఒక వరుస ఉండాలంటాను. ఏ చట్రం, ఏ ఎపోక్ (అంటే నంబర్లు ఏ తేదీకి చెల్లుతాయి), బేస్ ఎక్కడ పెట్టారు, ఎత్తు రాస్తే అది గోళాభం నుంచా సముద్రమట్టం నుంచా. దాంతోపాటు పాత పద్ధతిలో రాయికీ రాయికీ మధ్య దూరం కూడా. దీనికి అదనంగా ఖర్చేమీ లేదు, ఒక వరుస సిరా.

మా రంగంలోనే కొందరు దీనికి అడ్డు చెబుతారు. "దేశమంతా ఒక ఎపోక్‌లో స్థిరంగా కట్టేస్తే చాలు, రైతుకి ఇవన్నీ చెప్పి గాబరా పెట్టడం ఎందుకు?" అంటారు. స్థిరంగా కట్టేయడం మంచిదే, భూమి హద్దులకి అదే సరైన పద్ధతి కూడా. బెర్తు నంబరు లాంటిదే కావాలి మనకి. కానీ అది స్థిరమైన లెక్క అని కాగితం మీద లేకపోతే, రేపు ఇంకో రోవర్ పట్టుకొచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? ఇవాళ ఉపగ్రహం నుంచి నేరుగా సవరణలు తీసుకునే పరికరాలు చవకవుతున్నాయి. నేను చూసినంతలో చాలామంది ఆపరేటర్లకి సెట్టింగుల్లో ఏ చట్రం ఎంచుకుని ఉందో తెలియదు. ఎవరో ఒకసారి పెట్టిస్తే అలాగే నడుస్తుంది. ఏటేటా తేడా ఐదు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇవాళ చేనుకి రీసర్వే నంబరు వచ్చినప్పుడు పుట్టిన పిల్లాడు ఇరవై ఏళ్ళకి ఆ చేను అమ్ముకునేనాటికి అది మీటరు అవుతుంది. రైతుకి అర్థం కాదన్న మాట నేను ఒప్పుకోను. రైలు లెక్క నాన్నకి అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. గాబరా పెట్టింది తెలియకపోవడమే.

బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళకీ ఒక మాట. ఊళ్ళో ప్లాటు హద్దుల్ని వాట్సాప్ పిన్‌తో సరిచూసుకునేవాళ్ళు నాకు తెలుసు. ఫోన్ జీపీఎస్ మంచి ఆకాశం కింద కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. దారి తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది గానీ, హద్దుకి పనికిరాదు. ప్లాన్ గీసిన సర్వేయర్ని చట్రమూ ఎపోకూ అడిగి రాయించుకోండి. చెప్పలేకపోతే ఆ ప్లాన్‌కి డబ్బులివ్వకండి.

మా చేలో మంగళవారం రెండో సర్వేయర్నే మళ్ళీ పిలిపించాం. బేస్ ఎక్కడ పెట్టాలో మొదటి ఆయన ఫోన్లోనే చెప్పాడు. కాలవ మీద కల్వర్టు మూలన చెక్కిన గుర్తు, దాని 2005 విలువ. బేస్ దాని మీద పెట్టి, అదే విలువ ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. రోవర్ గట్టు మీద ఉత్తరం కొసకి వచ్చి ఆగింది. బాబాయ్ కూర్చుని గడ్డి పక్కకి తీశారు. కింద పాత రాయి తల కనబడింది. గీతల గుర్తు మట్టితో పూడుకుపోయి ఉంటే వేలితో గీకి చూశారు. రోవర్ కడ్డీ కొన రాయి అంచుకి రెండు వేళ్ళ దూరంలో ఉంది.

"ఇంతేనట్రా?" అన్నారు బాబాయ్. తర్వాత లేచి, మా చేలో పడ్డ పాత మేకుల్ని ఒక్కొక్కటీ తనే పీకి డొంక పక్కన పడేశారు. నాన్న ఏమీ అనలేదు. బోరు దగ్గరికి వెళ్ళి మోటారు వేసి వచ్చారు, ఆ పూట వంతు బాబాయ్‌దే అయినా.

ప్లాన్ మూడు కాపీలు తీయించాం. ప్రతి కాపీ మీదా పట్టిక కింద నల్ల సిరాతో నేనే రాశాను: చట్రం పేరు, ఎపోక్ 2005, బేస్ కాలవ కల్వర్టు ఈశాన్య మూల గుర్తు, కొలిచిన తేదీ. కింద ఇద్దరు సర్వేయర్ల సంతకాలూ, నాన్న, బాబాయ్ సంతకాలూ ఉన్నాయి. ఒక కాపీ బాబాయ్ ఇంట్లో బీరువాలో, ఒకటి మా ఇంట్లో, మూడోది నా దగ్గర హైదరాబాదులో ఉంది.